కవరు తొడిగిన గాలి

తెర మీద, గాలిలో ధూళిని కొలిచే అమ్ఘరా సెన్సరు గీత కదలడం మానేసిందని గమనించిన క్షణంలో నాకు మొదటిసారి భయం వేసింది.

గీత కింద పడి ఉంది. కింద ఉంటే మంచిదే, గాలిలో ధూళి లేదని అర్థం. కానీ అది వణకడం లేదు. నేను పిల్లికూతల బిడ్డ తల్లిని. నిద్రపోతున్న పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి, లేస్తోందా పడుతోందా అని చూసుకుంటూ బతికేదాన్ని. ఊపిరి ఉన్నదేదైనా కాస్త కదులుతుంది. ఎంత శుభ్రమైన గాలైనా కొలిచే యంత్రంలో సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఈ గీత మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉంది.

అప్పుడే గదిలో వెలుతురు మారింది. చిన్నోడు బల్ల దగ్గర పెరుగన్నం తింటున్నాడు. వాడి పళ్ళెం, చెయ్యి, గోడ అన్నీ మెల్లగా పసుపు రంగులోకి తిరిగాయి. తలెత్తి కిటికీ వైపు చూశాను. ఫింటాస్‌లో మా కిటికీలోంచి సముద్రం సన్నటి ముక్కలా కనిపిస్తుంది. ఆ ముక్క లేదు. కాసేపటికి ఎదురు బిల్డింగు కూడా లేదు.

మా మిద్దె మీది సెన్సరు గీత ఒక్కసారిగా తెర అంచు దాకా లేచింది. లేచిన మరుక్షణం నా మోడల్ దాని మీద ఎర్ర అడ్డగీత కొట్టింది. 'చెడిన కొలత' అని దాని అర్థం. ఆ గుర్తు అలా పెట్టమని దానికి నేర్పింది నేనే. పక్కన నా ఫోనులో ఆ రోజు రంగు ఇంకా పచ్చగానే ఉంది.

మా పెద్దది ఆ పచ్చ రంగు చూసుకుని పొద్దున పరుగు పందెం ప్రాక్టీసుకు వెళ్ళింది.

నేను తిరుపతిలో ఎమ్మెస్సీ లెక్కలు చదివాను. మాది కోనసీమ. మా ఆయనది కడప వైపు. ఇక్కడ, ఈ ఎడారి దేశంలో, అల్ రాయ్‌లో ఒక చిన్న కంపెనీలో ఆయన సెన్సర్లు బిగించి, వాటి బాగోగులు చూస్తారు. ఆ కంపెనీకే నేను ఇంటి నుంచి మోడల్ తయారుచేసి పెట్టాను. ధూళి ఎప్పుడు లేస్తుందో ముందే చెప్పే మోడల్. బడులూ, కట్టడాల దగ్గర పని చేయించేవాళ్ళూ మా ఆప్ చూసి పిల్లలను ఆడించాలా, మనుషులను ఎండలోకి పంపాలా అని నిర్ణయించుకుంటారు. పచ్చ, పసుపు, ఎరుపు, అంతే. దాని వెనక ఎన్ని లెక్కలున్నా ఒక తల్లికి కావలసింది ఒక రంగే అని నేనే వాదించి అలా పెట్టించాను.

మా ఇంట్లో పొద్దున పళ్ళు తోముకోకముందే పిల్లలు అడిగే మాట, "అమ్మా, ఇవాళ ఏ రంగు?" పచ్చ అంటే పెద్దది గంతులేసేది. దాని గంతులకు నా దగ్గర అనుమతి ఉందన్న గర్వం నాకు లోపల ఉండేది. ఊళ్ళో తల్లులందరూ ఆకాశం చూసి భయపడతారు, నేను లెక్క చూసి ధైర్యంగా ఉంటాను అనుకునేదాన్ని.

ఒకసారి అది నా ఒళ్ళో కూర్చుని, నీ మెషీన్ ఎలా నేర్చుకుంటుందమ్మా అని అడిగింది. "దుమ్ములో కొండ మీద చిక్కుకున్న మనిషిని ఊహించుకో. కింద ఊరుందని తెలుసు, కనపడదు. ఏం చేస్తాడు? కాలితో తడిమి, పల్లంగా ఉన్న వైపు ఒక అడుగు వేస్తాడు. మళ్ళీ తడుముతాడు, మళ్ళీ ఒక అడుగు. మెషీను కూడా అంతే. తను చెప్పినదానికీ నిజంగా జరిగినదానికీ ఎంత తేడా ఉందో కొలుచుకుని, తేడా తగ్గే వైపు కొంచెం కొంచెం దిగుతుంది," అన్నాను.

"దిగి దిగి ఎక్కడికి పోతుంది?"

"తప్పు అన్నిటికంటే తక్కువగా ఉండే చోటికి."

"అక్కడ ఇల్లుంటుందా?"

నవ్వి ముద్దు పెట్టుకున్నాను.

ధూళి మామూలు లెక్కకు లొంగదు. గాలి ఒక హద్దు దాటేదాకా ఇసుక కదలదు. దాటాక ఒక రేణువు లేచి పడుతుంది, పడుతూ ఇంకో నాలుగింటిని కొట్టి లేపుతుంది, అవి మరికొన్నిటిని లేపుతాయి. నిమిషాల్లో ఎడారి మొత్తం లేచి నిలబడుతుంది. ఏ రేణువును విడిగా పట్టుకుని చూసినా అందులో తుఫాను ఉండదు. ఇలాంటివాటిని సమీకరణాలతో ముందు నుంచీ కట్టుకురావడం కష్టం. అందుకే ఏళ్ళ తరబడి వచ్చిన కొలతలు ఇచ్చి, దీన్ని చూసి నువ్వే నేర్చుకో అని మోడల్‌కు వదిలేశాను. వాయవ్యం నుంచి వచ్చే దుమ్ము ముందు జహ్రా వైపు అమ్ఘరాను తాకుతుంది కాబట్టి, అక్కడి సెన్సరే దానికి ముఖ్యమైన కన్ను. ఫింటాస్‌కు వచ్చేసరికి గాలి ప్రయాణం అయిపోయినట్టే. మా మిద్దె మీది సెన్సరుకు అది పెద్దగా విలువ ఇచ్చేది కాదు.

మొన్నటిదాకా నాకు గంటకోసారి సగటు కొలత వచ్చేది. సగటులో వణుకు కనపడదు. ఈ వారమే ఆయన కొత్త పెట్టె ఒకటి బిగించి, కొలతలను వచ్చినవి వచ్చినట్టు నా తెర మీదికి పంపడం మొదలుపెట్టారు. అందువల్లే ఆ నిశ్చలమైన గీత నా కంట పడింది.

బడికి ఫోన్ చేశాను. ఆఫీసులో ఉండే అమ్మాయి తీసింది.

"మూడో తరగతి పిల్లలు ఎక్కడున్నారు?"

"గ్రౌండ్‌కు వెళ్ళారు మేడమ్. స్పోర్ట్స్ డే ప్రాక్టీసు కదా."

మా బడికి సొంత మైదానం లేదు. ఊరికి దూరంగా, ఇసుక అంచున ఒక మైదానం అద్దెకు తీసుకుంటారు.

"బయట గుబార్, దుమ్ము తుఫాను వచ్చేసింది. వెంటనే లోపలికి పంపించమని చెప్పండి."

"ఇక్కడ కూడా చీకటి పడింది మేడమ్, చూస్తున్నాం. కానీ ఆప్‌లో గ్రీనే ఉంది కదా. పాస్ అయిపోతుందని సార్ అన్నారు."

"ఆ ఆప్ తప్పు."

"అలా ఎలా అంటారు మేడమ్? రోజూ దాన్ని చూసే కదా పంపిస్తాం. మీరే కదా దాన్ని పెట్టుకోమని మా ప్రిన్సిపల్‌కు చెప్పింది?"

ఆ అమ్మాయి ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. అల్ రాయ్‌లో కూడా గోదాము తలుపులు దించేస్తున్నారని, చప్పుడుకు మాట వినపడటం లేదని అరిచారు.

"ఏవండీ, పాప గ్రౌండ్‌లో ఉంది."

"ఇన్‌హేలరు?"

"బ్యాగులో పెట్టాను. గ్రౌండ్‌కు వెళ్ళేటప్పుడు బ్యాగులు క్లాసులోనే వదిలేస్తారు."

"నేను పోతాండా. నువ్వు గాబరా పడొద్దు. ఫోను చేతిలో పెట్టుకో."

"ఏవండీ, అమ్ఘరా సెన్సరు ఏమైంది? గీత చచ్చిపోయినట్టుంది."

"అది బాగానే ఉందే. నిన్ననే సూసినా."

ఆయన కారు తీస్తూనే అమ్ఘరా హారిస్‌ను కూడా లైన్లోకి కలిపారు. హారిస్ అంటే కాపలాదారు. అక్కడ పాత ఇనుము యార్డులో మా సెన్సరున్న స్తంభాన్ని చూసుకునే అతను రాయచోటి వైపు మనిషి. పండక్కి మా ఇంటికొచ్చి పాయసం తాగి వెళ్ళేవాడు.

"అన్నా, మిషను ఎట్లుంది?" మా ఆయన అడిగారు.

"బంగారట్ల ఉండాది సార్. మీరేం దిగులు పడొద్దు. పొద్దన్నే ఆకాశం కింద పసుప్పచ్చగా గీత లేసింది. ఈ పొద్దు గట్టిగానే వస్తాదని తెల్సిపాయ. ఆ యంటనే కవరు తొడిగేసినా."

"ఏం కవరు?" అన్నాను.

"ఖుబ్బూస్ కవరేమ్మా, రొట్టెల కవరు. మందంగా ఉంటాది. రెండు తొడిగి రబ్బరు బ్యాండు ఏసినా. సీమంత దుమ్ము కూడా పోదు."

"ఎప్పుడూ అలాగే తొడుగుతావా?"

"తొడగకుంటే ఎట్లమ్మా? గుబార్‌లో వదిలేస్తే మిషను నాశనం అయిపోదా? గాలి తగ్గినాంక తీసి, గుడ్డతో తుడిసి పెడతా. నేనొచ్చినకాడ్నుంచీ ఒక్క మిషను కూడా చెడిపోనీలే. సార్‌నే అడుగు. పైలంగా సూసుకోమని సారే సెప్పె."

అతని మాటలో ఎంత తృప్తి ఉందంటే, నాకు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. సరేనన్నా అని మాత్రం అన్నాను.

లైన్లో ఇద్దరమే మిగిలాం. ఇండికేటరు టిక్ టిక్ మంటోంది.

"అందరికీ నువ్వే చెప్పారా?" అని అడిగాను. కంగారులో 'నువ్వు'కూ 'మీరు'కూ తేడా పోయింది.

"సెప్పినా. జాగ్రత్తగా సూసుకోమన్నా. ఆ స్తంభం మీదిది, ఈడ గోదాము మీదిది, మన మిద్దె మీదిది. మన దానికి నేనే తొడుగుతాండ్లా, ఇంట్లో ఉన్నప్పుడు."

ఈ మనిషి సంగతి నాకు తెలియనిది కాదు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కు కవరు ఉంటుంది. ఫ్రిజ్ కొని ఏళ్ళయినా హ్యాండిల్ మీది ప్లాస్టిక్ కాగితం పీకనివ్వరు. కారు సీట్ల కవర్ల మీద ఇంకో కవరు. వాళ్ళమ్మగారి దగ్గర నుంచి వచ్చిన అలవాటు. మా అమ్మగారి ఇంట్లోనూ సోఫా మీద దుప్పటి, దుప్పటి మీద తుండు ఉండేవి, నేనేమీ తక్కువ తినలేదు. మా పెద్దది ఒకసారి తండ్రి ముందు చేతులు చాపి నిలబడి, "నాన్నా, నన్ను కూడా మురికి అవ్వకుండా కవర్లో పెట్టేయ్," అంది. "నీకు సైజు దొరకలేదే బంగారూ," అన్నారు ఆయన. అందరం నవ్వాం.

వస్తువును ప్రేమించడం అంటే దాన్ని కప్పి ఉంచడం అని నేర్చుకున్నవాళ్ళం మేము. గాలిని కొలిచే వస్తువును గాలి తగలకుండా కాపాడాం.

అప్పుడు ఒక్కొక్క ముడీ నా కళ్ళ ముందు విడిపోయింది. అమ్ఘరాలో గాలి బలంగా లేచిన ప్రతిసారీ కవరు పడింది. కవరు లోపల గాలి శుభ్రంగా ఉంది. మోడల్ అది చూసింది. వాయవ్య గాలి, పడిపోయే పీడనం, వేడి, వీటి తర్వాత గాలి శుభ్రపడుతుంది అని నేర్చుకుంది. తప్పు నేర్చుకోలేదు, తనకు చూపించినదాన్ని సరిగ్గానే నేర్చుకుంది. కొన్ని రోజులను దాచిపెట్టి వాటితో పరీక్ష పెడితే, ఆ రోజుల్లో కూడా కవరు ఉంది కాబట్టి మంచి మార్కులు తెచ్చుకుంది. ప్రశ్న ఇచ్చినవాడూ, జవాబు రాసినవాడూ, దిద్దినవాడూ ఒకే రొట్టెల కవరులో కూర్చున్నారు. ఆ పూట ఆయన ఇంట్లో లేరు కాబట్టి మా మిద్దె మీది సెన్సరు ఒక్కటే ఒంటి మీద ఏమీ లేకుండా దుమ్ములో నిలబడింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అంత పెద్ద కొలత ఎన్నడూ ఎరగని మోడల్, ఇది పాడైపోయింది అని దాన్ని కొట్టేసింది.

గాలి బలంగా వీచిన రోజుల్లో ధూళి తక్కువగా ఉండటం నేను గమనించకపోలేదు. గమనించి, దానికి కారణం కూడా కల్పించాను. వేగం ఒక హద్దు దాటితే దుమ్ము చెదిరి ముందుకు వెళ్ళిపోతుందని రిపోర్టులో రాశాను. బొమ్మ కూడా గీశాను. అందరూ బాగుందన్నారు.

మేనేజరుకు ఫోన్ చేశాను. హైదరాబాదీ. నన్ను ఎప్పుడూ మేడమ్ అనే పిలుస్తారు.

"ఏమైంది మేడమ్? ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నయ్. గ్రీన్ ఎట్లొచ్చింది?"

"సార్, వెంటనే ఎరుపు పెట్టండి."

"నేనెట్ల పెడతా? ఆ బటన్ మీరే తీయించిన్రు కదా."

నిజమే. ఈ మధ్యదాకా ఆయన దగ్గర ఒక బటన్ ఉండేది. మోడల్ పచ్చ చూపిస్తున్నా, తన గొంతు గరగరమంటే ఎరుపు నొక్కేసేవారు. మనిషి గొంతుతో మోడల్‌ను పాడుచేయకండి అని నేనే గొడవ పెట్టుకుని ఆ బటన్ తీయించాను. ఆయన గొంతుకు ఎవరూ కవరు తొడగలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు.

"అయితే మొత్తం ఆపేస్తాను సార్."

"జర ఆగుండ్రి. బంద్ చేస్తే ఓనర్ సాబ్‌కు ఏం చెప్పాలె? ఆయన ఫోన్ ఎత్తుతలేడు. మీ సార్ ఇఖామా గూడ మన కంపెనీ మీదనే ఉంది, అది పోతే ఈ దేశంల ఉండనియ్యరు, మర్చిపోకుండ్రి."

"మా పాప బయట ఉంది సార్."

ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "బంద్ చెయ్యండి," అన్నారు.

ఆపేశాను. ఫోనులో పచ్చటి గుండ్రం బూడిద రంగుకు మారింది. ఎరుపు పెట్టడానికి దారి లేదు, పచ్చ తీసేయడానికి మాత్రమే ఉంది. నా చదువంతా కలిపి ఆ మధ్యాహ్నం నేను చేయగలిగిన మంచి పని అంతే.

ఆ తర్వాత మిగిలింది కూర్చోవడం. కిటికీ సందుల్లో తడి తువ్వాళ్ళు కుక్కాను. చిన్నోడు, "అమ్మా, అక్క ఏది?" అని అడిగాడు. వస్తుంది అన్నాను. "దారి కనపడట్లేదుగా," అన్నాడు. వాడి నోరు మూయించాలని గట్టిగా కసిరాను. వాడు పళ్ళెం పట్టుకుని మూలకు వెళ్ళిపోయాడు.

బస్సులో పిల్లలను చూసుకునే ఆయమ్మ నంబరు నా దగ్గర ఉంది. చాలాసార్లు చేశాక తీసింది. మలయాళీ ఆవిడ, హిందీలో మాట్లాడింది. బస్సు మైదానం గేటు దగ్గరే ఆగిపోయిందట. రోడ్డు కనపడటం లేదని డ్రైవరు కదలనంటున్నాడట. పిల్లలందరినీ లోపలికి ఎక్కించారట.

"మా పాప?"

"ఉంది. నా ఒళ్ళోనే ఉంది. నా దుపట్టా తడిపి ముక్కుకు పెట్టాను."

"ఫోన్ దాని నోటి దగ్గర పెట్టండి. మాట్లాడించొద్దు. ఊరికే పెట్టండి."

పెట్టింది. విన్నాను. పిల్లికూత. పొడుగ్గా, సన్నగా, చివర తెగిపోతూ. ఆ శబ్దంలో ఏది మామూలో ఏది కాదో నాకు తెలుసు. పీల్చడానికీ వదలడానికీ మధ్య ఎంత ఎడం ఉంటే ఇంట్లో తగ్గుతుందో, ఎంత ఉంటే పరిగెత్తాలో తెలుసు. ఆ ఎడం తగ్గిపోతోంది. ఇది ఏ సెన్సరూ పంపని కొలత, నేరుగా నా చెవిలోకి వస్తోంది, నేను చేయగలిగింది ఏమీ లేదు. "నాన్న వస్తున్నాడమ్మా, నాన్న వస్తున్నాడు, మెల్లగా వదులు, మెల్లగా," అని అంటూనే ఉన్నాను. కాసేపటికి లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

ఆ మధ్య ఎంతసేపు గడిచిందో నేను లెక్కపెట్టలేదు. దేవుడి పటం ముందు నిలబడ్డాను, దండం పెట్టడం మరిచిపోయాను. తలలో మాత్రం మోడల్ తిరుగుతూనే ఉంది. గాలి ఇంత వేగంగా ఉంటే, కారు ఇంత మెల్లగా పోతే, ఊపిరి ఇంత కురచైతే. ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ అన్నీ ఒకే వైపు దిగుతున్నాయి. ఆ అడుగున ఏముందో చూడటానికి నాకు ధైర్యం లేక, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని.

ఆయన ఫోన్ వచ్చింది. "దొరికింది. నా దగ్గరే ఉండాది. మనింటి దగ్గరి ఆస్పత్రికే పోతాండాం. నువ్వు చిన్నోన్ని తీసుకుని రా. టాక్సీ దొరక్కుంటే రావద్దు."

దగ్గరి క్లినిక్కే కాబట్టి చిన్నోడి మొహానికి చున్నీ చుట్టి ఎత్తుకుని, గోడలు పట్టుకుని నడిచి వెళ్ళాను.

లోపల వరండా నిండా పిల్లలే. యూనిఫారాలు, స్పోర్ట్స్ షూలు, కనురెప్పల మీద పసుపు దుమ్ము. నెబ్యులైజర్లు సరిపోక ఒకరి తర్వాత ఒకరికి పెడుతున్నారు. మా పెద్దది మాస్కు పెట్టుకుని తండ్రి భుజానికి ఆనుకుని ఉంది. పెదాలు ఇంకా పూర్తిగా ఎరుపెక్కలేదు. నన్ను చూసి చెయ్యెత్తింది, మళ్ళీ దించేసింది. ఆయన చొక్కా మీద, జుట్టులో, మెడ మడతల్లో దుమ్ము. ఆయన నా వైపు చూడలేదు.

పక్క కుర్చీలో మా వైపు ఆవిడే, మాట వినగానే తెలిసింది. ఎవరింట్లోనో వంట చేస్తుందట. కొడుకును ఒళ్ళో పడుకోబెట్టుకుంది.

"మీ పాపకీ ఇదేనాండీ?"

"అవునండీ."

"మావోడిక్కూడా అంతేనండీ, ఆయ్. పొద్దున్నే మా మామా, అదేనండీ, యజమానురాలి ఇంటికెళ్ళే తొందర్లో ఫోను చూశానండీ. పచ్చగా ఉంది. సరే ఎళ్ళి ఆడుకోరా అన్నాను. ఆ పచ్చ సూసి పంపింది నేనే కదాండీ, ఎవర్నంటాను? అయినా ఈ రంగులు పెట్టేవోళ్ళకి పిల్లల్లేరాండీ?"

"ఉన్నారండీ," అన్నాను.

ఆవిడ నా ఒళ్ళోని చిన్నోణ్ణి, అటుపక్క పెద్దదాన్ని చూసి, నా పిల్లల గురించి చెబుతున్నాననుకుని తల ఊపింది. కొడుకు మొహం మీది దుమ్మును కొంగుతో తుడిచింది. నేను ఇంకేమీ చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే ఏమనేదో ఇంకా ఊహించుకుంటూనే ఉన్నాను.

ప్రమాదం దాటిందని, మళ్ళీ ఎక్కువైతే తీసుకురమ్మని చెప్పి సాయంత్రం పంపించారు. ఇంటికి వచ్చాక దిండ్లు పేర్చి పెద్దదాన్ని కూర్చున్నట్టే పడుకోబెట్టాం. ఆయన సోఫాలో కూర్చుని రిమోట్ చేతిలోకి తీసుకున్నారు. దాని కవరు ఊడదీశారు. నల్లటి రిమోట్ కొత్తదానిలా మెరిసింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ కవరు తొడిగేశారు.

"నేను వాన్ని ఏమీ అనలేదు," అన్నారు. హారిస్ గురించి.

"మంచిపని చేశారు."

"వాడు మంచిగా సూసుకున్న్యాడు. నేను సెప్పినట్టే సూసుకున్న్యాడు." రిమోట్ పక్కన పెట్టి, "నువ్వు నన్ను ఏమైనా అనే," అన్నారు.

ఆయన యంత్రాలను కప్పారు, నేను ఆ కప్పిన యంత్రాల మీద నమ్మకం కప్పాను. ఎవరి కవరు మందమో ఎవరు చెబుతారు?

పిల్లలు నిద్రపోయాక ఇది రాస్తున్నాను. పక్కన ల్యాప్‌టాప్ తెరిచే ఉంది. పొద్దున్నకల్లా రంగు తిరిగి రావాలని మేనేజరు మెసేజ్ పెట్టారు. బడుల వాళ్ళు అడుగుతున్నారట. సరిచేద్దామనే కూర్చున్నాను. గాలి బలంగా ఉండి, గీత నిశ్చలంగా ఉన్న చోట్లన్నీ వెతికి తీసేద్దామనుకున్నాను. సగటుల్లోంచి వాటిని గుర్తుపట్టడం కష్టమే, అయినా చాలావరకు పట్టుకున్నాను. తీసేశాను. తీసేశాక మిగిలింది చూస్తే చెడ్డ రోజు ఒక్కటీ లేదు. ఈ ఊరి మీద ఇన్నేళ్ళుగా లేచిన దుమ్ము ఏ లెక్కలోనూ లేదు. లేనిదాన్ని ఏ గణితంతో నేర్పను? పక్క సెన్సర్లతో పూరిద్దామంటే వాటికీ కవర్లే. మా మిద్దె మీదిది ఇంతకుముందు ఎప్పుడైనా కవరు లేక దుమ్మును చూసి ఉన్నా, ఆ కొలతలను మోడల్ చెడినవని కొట్టి చెరిపేసింది. మా మిద్దె మీది ఈ ఒక్క రోజు కొలత ఉంది. ఒక్క రోజుతో తుఫాను అంటే ఏమిటో ఏ మోడలూ నేర్చుకోదు. నేను మాత్రం నేర్చుకున్నాను.

కొండ దిగే మనిషి గుర్తొస్తున్నాడు. అతను బుద్ధిగానే దిగాడు. తప్పు అన్నిటికంటే తక్కువగా ఉన్న చోటికే చేరాడు. అక్కడ ఇల్లు లేదు. పాప అడిగినప్పుడు నవ్వకుండా ఆలోచించి ఉంటే బాగుండేది.

లోపల దాని ఊపిరి వినిపిస్తోంది. రాస్తూ రాస్తూ ఆగి వింటున్నాను. కూత ఇంకా ఉంది, పల్చగా. ఊపిరికీ ఊపిరికీ మధ్య నేను నా ఊపిరి బిగబడుతున్నాను. రేపు గాలి ఎలా ఉంటుందని నా మొహం చూసే తల్లులు ఎంతమందో. వాళ్ళకు ఒక రంగు ఇవ్వమంటున్నారు. ఇవ్వకపోతే మా ఉద్యోగాలు ఏమవుతాయో తెలుసు. ఇస్తే ఏమవుతుందో ఈ మధ్యాహ్నం చూశాను.

పొద్దున మిగతాది రాస్తున్నాను.

తెల్లారేసరికి దుమ్ము లేవడం ఆగింది కానీ దిగలేదు. గాలిలో పిండి చల్లినట్టు వేలాడుతోంది. సముద్రం ముక్క ఉందో లేదో తెలియడం లేదు. మేనేజరుకు రంగు ఇవ్వలేనని రాసి పంపాను. ఆయన దగ్గర నుంచి జవాబు రాలేదు. మా ఆయన మిద్దె మీదికి వెళ్ళి సెన్సరును చూసి వచ్చారు. దుమ్ము పట్టి మూతి మూసుకుపోయింది, ఇక పనికిరాదేమో అన్నారు.

చిన్నోడు లేచి నా ఫోన్ పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఇవాళ ఏ రంగు? ఇది బూడిద రంగులో ఉందేంటి?"

పెద్దది దిండ్లకు ఆనుకుని నా వైపే చూస్తోంది. పడుకుని లేచిన గొంతుతో అంది, "పచ్చ కాదా?"

ఇద్దరినీ మంచం మీద దగ్గరకు తీసుకుని చెప్పాను. "బూడిద రంగంటే అమ్మకు తెలియదని. నిన్న కూడా అమ్మకు తెలియదు, తెలుసనుకుని మీకు చెప్పాను. ఇవాళ బడి లేదు. రేపటి సంగతి రేపు కిటికీ తీసి ముగ్గురం కలిసి చూద్దాం. అప్పుడు కూడా తెలియకపోవచ్చు. ఇక నుంచి నీకు ఊపిరి బిగుసుకుంటే, ఫోన్ ఏ రంగులో ఉన్నా, టీచరు పరిగెత్తమన్నా, నేనే పరిగెత్తమన్నా, నువ్వు ఆగిపో. ఆగిపోయి, నాకు ఊపిరాడటం లేదని గట్టిగా చెప్పు. ఆ ఒక్కటి నీకే ముందు తెలుస్తుంది, నాకు తెలియదు."